పాఠం మనదే... క్లాసే కొత్తది!

అమీర్‌పేటలో జీఆర్‌ఈకి చదువుతారు. పంజాగుట్టలో దరఖాస్తులు నింపుతారు. విమానం దిగిన కొద్ది రోజులకే మన పిల్లల్లో కొందరు బోర్డు ముందు టీచరుగా నిలబడాల్సి వస్తుంది. ఎదురుగా అమెరికన్‌ కుర్రకారు! లెక్కలొచ్చు, ఇంగ్లిషూ వచ్చు... అయినా తొలిరోజు తడబాటు తప్పదు. ఎందుకంటే అక్కడ మారిపోయేది భాష ఒక్కటే కాదు, ‘గురువు’ అన్న మాటకు అర్థం కూడా!

ఉదయం ఏడయ్యేసరికే అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో సందడి మొదలవుతుంది. గోడ మీద, స్తంభం మీద, బాల్కనీ రెయిలింగు మీద... ఎటు చూసినా బోర్డులే. జావా ఒకచోట, టెస్టింగ్‌ మరోచోట, జీఆర్‌ఈ, టోఫెల్‌ ఇంకోచోట. కొవిడ్‌ తర్వాత ఎన్నో క్లాసులు ఆన్‌లైన్‌కి మళ్లినా కోచింగ్‌ అనగానే గుర్తొచ్చే పేరు మాత్రం ఇప్పటికీ అమీర్‌పేటే. అక్కడ మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే పంజాగుట్ట. ఆ దారిలో విదేశీ చదువుల కన్సల్టెన్సీలకు కొదవ లేదు. ఏ యూనివర్సిటీకి దరఖాస్తు చేయాలి, బ్యాంకు అప్పుకి ఏ కాగితాలు కావాలి, వీసా ఇంటర్వ్యూలో ఏమడుగుతారు... అన్నీ విడమరిచి చెబుతారు. 2008లో పక్కనే ఉన్న బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్‌ మొదలయ్యాక ఈ ప్రాంతమంతా అమెరికాకు వాకిలిలా మారింది. 2023లో కాన్సులేట్‌ నానక్‌రామ్‌గూడకు తరలిపోయినా ఆ పేరు పోలేదు.

2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు అక్షరాలా 3,31,602 మంది. మరే దేశం నుంచీ అంతమంది లేరు. వాళ్లలో మన తెలుగు పిల్లల సంఖ్యా తక్కువేం కాదు. వాళ్లకు ఇక్కడ అన్నీ నేర్పి పంపుతారు. ఒక్కటి తప్ప. అదేంటంటే... అక్కడికి వెళ్లాక చదువుకోవడమే కాదు, చదువు చెప్పాల్సి కూడా రావచ్చు!

టీఏ వచ్చిందోచ్‌!

‘మావాడికి టీఏ వచ్చిందండీ’... ఈ మాట చెప్పేటప్పుడు తండ్రి ముఖంలో వెలుగు చూడాలి. టీఏ అంటే టీచింగ్‌ అసిస్టెంట్‌. ఎక్కువగా పీహెచ్‌డీ వాళ్లకీ, అక్కడక్కడా ఎంఎస్‌ వాళ్లకీ దక్కుతుంది. డిగ్రీ మొదటి, రెండో ఏడాది విద్యార్థులకు ట్యుటోరియల్‌ క్లాసు తీసుకోవడం, ల్యాబు చూసుకోవడం, పేపర్లు దిద్దడం, సందేహాలు తీర్చడం పని. చదువుల కాలంలో వారానికి 20 గంటలు మించకూడదు. ప్రతిఫలంగా నెలనెలా జీతం వస్తుంది. చాలాచోట్ల ఫీజు మొత్తమో, కొంతో మాఫీ చేస్తారు. ఇల్లో పొలమో తాకట్టుపెట్టి పంపిన కుటుంబానికి అది ఎంత పెద్ద ఊరటో వేరే చెప్పాలా?

అందుకే అది నిలబెట్టుకోవడమూ అంత ముఖ్యం. సెమిస్టరు చివర విద్యార్థులంతా తమకు పాఠం చెప్పిన వ్యక్తికి మార్కులు వేస్తారు. పేరు రాయక్కర్లేదు. ‘అర్థమయ్యేలా చెప్పాడా? మర్యాదగా మాట్లాడాడా? సందేహం అడిగితే విసుక్కున్నాడా?’ ఇలా ఉంటాయి ప్రశ్నలు. ఆ కాగితాలు డిపార్టుమెంటుకి వెళతాయి. మరీ ఘోరంగా ఉంటే వచ్చే సెమిస్టరు బోర్డు ముందు నిలబడే అవకాశం ఉండకపోవచ్చు. పేపర్లు దిద్దే పనికి పరిమితం చేయొచ్చు, అసలుకే ఎసరూ రావచ్చు. పదహారేళ్లపాటు మార్కులు వేయించుకున్న పిల్లాడికి, తీరా టీచరయ్యాక మళ్లీ విద్యార్థుల చేత మార్కులు వేయించుకోవడమంటే... మింగుడుపడటం కష్టమే!

లేచి నిలబడరు... సార్‌ అనరు

మన దగ్గర సారు తలుపు దగ్గర కనిపిస్తే చాలు, క్లాసంతా లేచి నిలబడుతుంది. ‘గుడ్‌మార్నింగ్‌ సార్‌’ అన్న కోరస్‌ వరండా చివరిదాకా వినిపిస్తుంది. అక్కడ అదేం ఉండదు. టీఏ లోపలికి వచ్చేసరికి ఒకడు బర్గరు తింటుంటాడు. ఒకమ్మాయి కాఫీ కప్పుతో వస్తుంది. ముందు కుర్చీ మీద కాళ్లు చాపుకుని కూర్చునేవాడొకడు. మధ్యలో లేచి చెప్పకుండానే బయటికి వెళ్లిపోయేవాడు ఇంకొకడు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లలో పెరిగిన మన పిల్లలకు, నేల మీద పడున్న పాఠ్యపుస్తకాన్ని ఎవరో బూటుతో పక్కకు జరపడం చూస్తే గుండె కలుక్కుమంటుంది.

అవమానించాలని చేసే పని కాదది. వాళ్ల లెక్కలో కాళ్లకూ చదువుకూ సంబంధం లేదు. ఆ బూటు కుర్రాడే చివర్లో వచ్చి ‘ఇవాళ బాగా చెప్పారు, థ్యాంక్స్‌’ అని వెళతాడు. మన దగ్గర క్లాసయ్యాక సారుకి థ్యాంక్స్‌ చెప్పే అలవాటు ఎందరికుంది? గౌరవం రెండుచోట్లా ఉంది. మన దగ్గర ముందే ఇస్తారు, అక్కడ పాఠం విన్నాక ఇస్తారు. తేడా అంతే!

పిలుపు ఇంకో పేచీ. టీఏని పేరు పెట్టే పిలుస్తారు. ఆ పేరుతోనే మనకు చిక్కు. మన దగ్గర ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. వాళ్లకు తిరగేసి. దాంతో మొదటి వారం క్లాసంతా తాతముత్తాతల ఊరి పేరుతో పిలుస్తుంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో రాసి, రెండో గడి ఖాళీగా వదిలేసిన వాళ్ల పాట్లయితే మరీను. వీసాలో పేరుకి బదులు ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వస్తుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. అదే యూనివర్సిటీ రికార్డుల్లోకీ ఎక్కితే ‘హలో ఫ్నూ’ అని పలకరించేవాళ్లూ ఉంటారు!

‘జెడ్‌’ అంటే ఏంటి?

‘ఇంగ్లిష్‌ మీడియంలో చదివాడు, ఇంగ్లిషుతో ఇబ్బందేంటి’ అనుకుంటాం. ఇబ్బంది ఇంగ్లిషుతో కాదు, మన ఇంగ్లిషుతో.

లెక్కల క్లాసులో మనవాడు ‘ఎక్స్‌, వై, జెడ్‌’ అంటాడు. వాళ్లకది ‘జీ’. ‘టూ ఇన్‌టూ సిక్స్‌’ అంటే మనకు పన్నెండు. వాళ్లకు ఆరులో రెండు ఎన్నిసార్లు పోతుందనే భాగహారం, జవాబు మూడు! ఒకే మాట, రెండు జవాబులు. గుణకారానికి వాళ్లు ‘టైమ్స్‌’ అంటారు. చుక్క పెట్టమనడానికి మనం ‘ఫుల్‌స్టాప్‌’ అంటే వాళ్లు ‘పీరియడ్‌’ అంటారు. మనకు పీరియడ్‌ అంటే గంట కొట్టే క్లాసు. తుడిచేది మనకు డస్టరు, వాళ్లకు ఎరేజరు. పెన్సిల్‌ గీత చెరపడానికి ‘రబ్బరు ఉందా’ అని మనవాడు అమాయకంగా అడిగితే క్లాసంతా గొల్లుమంటుంది. అక్కడ ఆ మాటకున్న అర్థం ఇంటిల్లిపాదీ చదివే పేజీలో రాసేది కాదు!

‘ఎనీ డౌట్స్‌?’ అని అడగనిదే మన దగ్గర ఏ పాఠమూ పూర్తికాదు. అమెరికన్‌ చెవికి డౌట్‌ అంటే అనుమానం, అపనమ్మకం. ‘నేను చెప్పేది నమ్మట్లేదా?’ అన్నట్టుంటుంది. ‘క్వశ్చన్స్‌?’ అంటే చాలు. ఇక ‘పరీక్ష 3/4న’ అని బోర్డు మీద రాశారనుకోండి, మనకు ఏప్రిల్‌ 3. వాళ్లకు మార్చి 4! నెల ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడతారు. 

అన్నిటికన్నా గమ్మత్తయింది తలకాయ. విద్యార్థి బోర్డు మీద లెక్క చేసి ‘ఇది కరెక్టేనా?’ అంటాడు. మనవాడు ఎంతో ఆప్యాయంగా తల అటూ ఇటూ ఊపుతాడు. మన భాషలో అది ‘ఓ, బ్రహ్మాండం’. వాళ్ల కళ్లకు అది ‘కాదు’లా కనిపిస్తుంది. పాపం... సరైన జవాబును ఆ కుర్రాడు తుడిచేస్తాడు.

65 ఇస్తే కోపమొస్తుంది

పేపర్లు దిద్దే దగ్గర అసలు గొడవ. మన లెక్కలో 60 దాటితే ఫస్ట్‌ క్లాసు, 75 దాటితే డిస్టింక్షన్‌. వందకి వంద వేయాలంటే దిద్దేవారి చెయ్యి వణుకుతుంది. అదే అలవాటుతో మనవాడు బాగా రాసిన పేపరుకి మెచ్చుకోలుగా 65 వేస్తాడు. మర్నాడు తలుపు ముందు క్యూ! ఎందుకంటే అక్కడ సాధారణంగా 90 దాటితే ‘ఏ’, 80ల్లో ‘బి’, 70ల్లో ‘సి’. 65 అంటే ‘డి’, తప్పడానికి ఒక్క మెట్టు పైన. మనవాడు భుజం తట్టాననుకుంటాడు, వాళ్లు చెంప మీద కొట్టాడనుకుంటారు.

‘నాకు ఇక్కడ రెండు మార్కులు ఎందుకు తగ్గాయి?’ అని నిలదీసి అడగడం అక్కడ పొగరు కాదు, హక్కు. సెమిస్టరు మొదట్లో ఇచ్చే సిలబస్‌ కాగితం ఒక రకంగా ఒప్పందపత్రం. దేనికెన్ని మార్కులు, ఆలస్యమైతే ఎంత కోత, పరీక్ష ఎప్పుడు... అన్నీ అందులో ఉంటాయి. అందులో లేనిది మధ్యలో పెడితే విద్యార్థులు ఒప్పుకోరు. ‘నేను చెప్పాను కాబట్టి’ అన్న జవాబు అక్కడ చెల్లదు. ఏ అంచెకు ఎన్ని మార్కులో ముందే రాసిపెట్టుకుని, అది చూపించి మాట్లాడితే గొడవ అక్కడికక్కడే సద్దుమణుగుతుంది.

మార్కుల జాబితా నోటీసుబోర్డుకి అంటించడం మనకు మామూలు. ఫస్ట్‌ ర్యాంకు వాడి పేరు మైకులో చదువుతాం, తప్పినవాణ్ని లేపి నిలబెడతాం. అక్కడ అలా చేస్తే చిక్కుల్లో పడ్డట్టే. 1974లో వచ్చిన కుటుంబ విద్యా హక్కుల చట్టం... ‘ఫెర్పా’ అంటారు... ప్రకారం విద్యార్థి మార్కులు అతని సొంత వ్యవహారం. పక్కవాడికి తెలియకూడదు. ఇంకో మాట వింటే మన అమ్మానాన్నలు ముక్కున వేలేసుకుంటారు. కాలేజీలో చేరాక ఆ హక్కు విద్యార్థిదే. తండ్రి ఫోన్‌చేసి ‘మా అమ్మాయికి ఎన్నొచ్చాయి’ అని అడిగినా, ఆమె ఒప్పుకోనిదే టీఏ తనంతట తాను చెప్పడానికి వీల్లేదు!

అలాగే కొందరు విద్యార్థులు పరీక్షకు ఎక్కువ సమయం కావాలని యూనివర్సిటీ ఇచ్చిన ఉత్తరం తెచ్చి చూపిస్తారు. వైకల్యం ఉన్నవారి కోసం 1990లో చేసిన చట్టం కల్పించిన వెసులుబాటు అది. ‘చూడ్డానికి బాగానే ఉన్నావుగా’ అనకూడదు. ఏం సమస్యని ఆరా తీయకూడదు. మన దగ్గర ఆప్యాయత అనిపించుకునే ప్రశ్నలు... పెళ్లయిందా, నాన్న ఏం చేస్తారు, ఇలా చిక్కిపోయావేం... అక్కడ హద్దు దాటినట్టే. విద్యార్థితో గదిలో మాట్లాడేటప్పుడు తలుపు తెరిచే ఉంచాలన్నది అక్కడ పాతవాళ్లు కొత్తవాళ్లకు చెప్పే తొలి పాఠాల్లో ఒకటి.

యాసా... ముఖమా?

విదేశీ టీఏల మీద ఫిర్యాదులు అమెరికాలో కొత్త కాదు. ‘ఆయన చెప్పేది ఒక్క ముక్కా అర్థంకావట్లేదు’ అని విద్యార్థులు, ఫీజులు కట్టే తల్లిదండ్రులు గోలపెట్టడంతో 1980ల నుంచే అక్కడి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా చట్టాలు చేశాయి. పాఠం చెప్పేవారికి ఇంగ్లిషు ధారాళంగా వచ్చని యూనివర్సిటీయే ధ్రువీకరించాలని 1990లో పెన్సిల్వేనియా శాసనం చేసింది. మాట్లాడే ఇంగ్లిషుకి విడిగా ఓ పరీక్ష చాలాకాలం నడిచింది. 2005లో మొదలైన ఇంటర్నెట్‌ టోఫెల్‌లో మాట్లాడే విభాగం కూడా చేరింది. మన కోచింగ్‌ సెంటర్లలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని గడియారం చూస్తూ గబగబా మాట్లాడే సాధన అలా వచ్చిందే.

అయితే తప్పంతా చెప్పేవాడి నాలుకదేనా? జార్జియా యూనివర్సిటీలో పనిచేసిన డొనాల్డ్‌ రూబిన్‌ అనే పరిశోధకుడు 1992లో ప్రచురించిన ఓ ప్రయోగం చదివితే ఆశ్చర్యమేస్తుంది. పుట్టిపెరిగిన అమెరికన్‌ మహిళ గొంతుతో ఒక పాఠం రికార్డు చేశారు. దాన్ని విద్యార్థులకు వినిపిస్తూ, చెబుతున్నది ఈమేనంటూ ఓ ఫొటో చూపించారు. కొందరికి తెల్లజాతి మహిళ ఫొటో, మరికొందరికి ఆసియా మహిళ ఫొటో. గొంతు ఒక్కటే, పాఠమూ ఒక్కటే! అయినా ఆసియా ముఖాన్ని చూస్తూ విన్నవాళ్లకు లేని యాస వినిపించింది. వాళ్లకు పాఠమూ తక్కువ అర్థమైంది. అంటే... చెవి వినకముందే కన్ను తీర్పు చెప్పేసిందన్నమాట!

ఇది తెలిస్తే మన పిల్లలకు రెండు మేళ్లు. మొదటిది... ప్రతి ఫిర్యాదూ తమ లోపం వల్లే అని కుంగిపోనక్కర్లేదు. రెండోది... వినేవాడి కంటికి సాయం చేయాలని తెలుస్తుంది. ముఖ్యమైన ప్రతి మాటా బోర్డు మీద రాస్తే చెవి తప్పినా కన్ను పట్టుకుంటుంది. అలాగే మనం తెలుగులాగే ఇంగ్లిషులోనూ ప్రతి అక్షరాన్నీ ఒకే బరువుతో పలుకుతాం. వాళ్లు ఒకచోట ఒత్తి, మిగతాది తేల్చేస్తారు. ఆ ఒత్తు ఎక్కడ పడాలో పట్టుకుంటే సగం యాస సమస్య తీరినట్టే. అమెరికన్‌ యాసను అరువు తెచ్చుకోనక్కర్లేదు. నిదానంగా మాట్లాడితే చాలు.

ముందు నడిచినవాళ్లు

ఈ దారిలో మనవాళ్లు ఎప్పుడో నడిచారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, స్కూలు చదువు తెలుగులోనే చదువుకున్న రాజ్‌రెడ్డి 1966లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ పూర్తిచేసి, అక్కడే పాఠాలు చెప్పారు. 1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌కు మారారు. ఆయన జీవితమంతా పనిచేసిన అంశం ఏమిటో తెలుసా? మనిషి మాటను కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేయడం! తెలుగు మీడియం కుర్రాడు యంత్రానికే ఇంగ్లిషు వినడం నేర్పించాడు. 1994లో కంప్యూటర్‌ రంగంలో నోబెల్‌ అంతటిదైన ట్యూరింగ్‌ పురస్కారం అందుకున్నారు.

గణాంకశాస్త్రంలో మహామహుడు సి.ఆర్‌.రావుదీ అలాంటి కథే. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకున్న ఆయన ఇండియన్‌ స్టాటిస్టికల్‌ ఇన్‌స్టిట్యూట్‌లో దశాబ్దాలపాటు పనిచేసి, మనవాళ్లు రిటైరై విశ్రాంతి తీసుకునే వయసులో, 1979లో అమెరికా వెళ్లారు. ముందు పిట్స్‌బర్గ్‌ యూనివర్సిటీ, 1988 నుంచి పెన్సిల్వేనియా స్టేట్‌. అరవయ్యో పడికి దగ్గర్లో కొత్త దేశంలో కొత్త క్లాసు! నూట రెండేళ్ల వయసులో, 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఆయన్ను వరించింది. ఆ ఏడాదే కన్నుమూశారు.

ఇక వెల్చేరు నారాయణరావు తీసుకెళ్లింది లెక్కలు కాదు, మన భాషనే. 1971లో మాడిసన్‌లోని విస్కాన్సిన్‌ యూనివర్సిటీలో చేరి 38 ఏళ్లపాటు తెలుగు భాషా సాహిత్యాలు బోధించారు. ఇక్కడో తమాషా ఉంది. ఇంగ్లిషులో అందరికీ ఒకటే ‘యూ’. తెలుగు నేర్చుకునే అమెరికన్‌ మాత్రం ‘నువ్వు’, ‘మీరు’ తేడా తెలుసుకోకుండా ఒక్క అడుగూ ముందుకు వేయలేడు. టీచర్ని పేరు పెట్టి పిలిచే కుర్రాడు తెలుగు క్లాసులో మాత్రం ‘మీరు’ అనాలి, ‘గారు’ చేర్చాలి. అక్కడికి వెళ్లిన మన పిల్లలు గౌరవానికి కొత్త రూపం నేర్చుకుంటే, వాళ్ల పిల్లలు మన భాషలో గౌరవం నేర్చుకుంటారన్నమాట.

రెండింటికి క్లాసు... ఎప్పుడు?

విదేశీ కొలువు అంటే అమెరికా ఒక్కటే కాదు. ఆఫ్రికాలోని ఇథియోపియా గత రెండు మూడు దశాబ్దాల్లో కొత్త యూనివర్సిటీలు విరివిగా తెరిచింది. పాఠాలు చెప్పేందుకు భారతీయ అధ్యాపకుల్ని పిలిపించుకుంది. మన కాలేజీల నుంచి ఎందరో వెళ్లారు. బోధన ఇంగ్లిషులోనే. కానీ గడియారంతోనే మొదటి పేచీ!

అక్కడి జనం రోజును తెల్లవారాక, మన ఆరు గంటల నుంచి లెక్కపెడతారు. మన ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట, మన ఎనిమిది వాళ్లకు రెండు. ‘రెండింటికి క్లాసు’ అంటే మనవాడు తీరిగ్గా భోజనం చేసి వెళతాడు. పిల్లలు పొద్దున్నే వచ్చి చూసి చూసి వెళ్లిపోయి ఉంటారు! నవ్వొచ్చినా, రోజును సూర్యోదయంతో మొదలుపెట్టే మన పంచాంగం లెక్కకు అది దగ్గరిదే. వాళ్ల కేలండరుకి పదమూడు నెలలు. పన్నెండు నెలలకు ముప్ఫయ్యేసి రోజులు, చివరి నెలకు అయిదో ఆరో. సంవత్సరం లెక్క మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనక. కొత్త సంవత్సరం సెప్టెంబరు 11న... లీపు సంవత్సరానికి ముందు ఏడాది మాత్రం 12న.

పేరు సంగతీ అంతే. అక్కడ ఇంటిపేర్లుండవు. తమ పేరు, తర్వాత తండ్రి పేరు. ఎంత పెద్ద ప్రొఫెసరయినా డాక్టర్‌ అని చేర్చి మొదటి పేరుతోనే పిలుస్తారు. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగాయన అక్కడా ఇంటిపేరుతోనే చెలామణి అవ్వొచ్చు! అయితే మనకు దొరికే ఊరట ఒకటుంది. టెఫ్‌ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి పోసే అట్టు, ‘ఇంజెరా’, చూడగానే మన దోసె గుర్తొస్తుంది. ఆ దోసెలాంటి అట్టు చుట్టూ అందరూ ఒకే పళ్లెంలో తింటారు. ఎంగిలి అని వెనక్కి జరిగితే మాత్రం వాళ్లు చిన్నబుచ్చుకుంటారు.

డెమో సారుని చూశారా?

ఇంతకీ ఈ కొత్త క్లాసుకి మన పిల్లలు ఎక్కడ సిద్ధమవ్వాలి? జవాబు మళ్లీ అమీర్‌పేటలోనే దొరుకుతుంది. కోచింగ్‌ మెటీరియల్‌లో కాదు, డెమో క్లాసులో.

డిగ్రీ కాలేజీ సారుకి హాజరుపట్టీ ఉంది, ఇంటర్నల్‌ మార్కులున్నాయి. పాఠం ఎలా ఉన్నా పిల్లలు కూర్చోవాల్సిందే. అమీర్‌పేట డెమో సారుకి అవేవీ లేవు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఇంకా ఫీజు కట్టలేదు. నచ్చితే కడతారు, నచ్చకపోతే పక్క మెట్లెక్కుతారు. గంటలో వాళ్లను మెప్పించాలి. అందుకే ఆయన మొదటి అయిదు నిమిషాల్లోనే ‘ఈ కోర్సు మీకెందుకు పనికొస్తుంది’ అన్నది చెబుతాడు. బీటెక్‌ వాడికీ బీకాం వాడికీ అర్థమయ్యే ఉదాహరణ వెతుకుతాడు. వెనక బెంచీ ముఖం మాడితే వెంటనే పట్టేసి ఇంకోలా చెబుతాడు. కుర్చీ తెచ్చే గౌరవం తనకు లేదని, మాటతోనే సంపాదించుకోవాలని ఆయనకు తెలుసు. అమెరికన్‌ క్లాసు మన టీఏ నుంచి కోరుకునేదీ సరిగ్గా అదే! డెమో క్లాసులో కూర్చున్నప్పుడు మనవాళ్లు జావానే చూస్తారు, సారును చూడరు. చూస్తే సగం శిక్షణ ఇక్కడే అయిపోతుంది.

అయితే డెమో సారు దగ్గరా దొరకనిది ఒకటుంది... పాఠం మధ్యలో ప్రశ్న. కాలర్‌కి మైకు తగిలించుకుని ఏకధాటిగా చెప్పుకుపోవడం ఇక్కడి పద్ధతి. అక్కడ ప్రశ్న అడిగి ఆగాలి. ఎంతసేపు? మేరీ బడ్‌ రో అనే అమెరికన్‌ విద్యావేత్త 1970ల్లో తరగతి గదులను పరిశీలించి చెప్పినదాని ప్రకారం టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను ఆగి, వెంటనే తామే మాట్లాడేస్తారు. మూడు సెకన్లు ఆగితే చాలు, పిల్లల జవాబులు పొడవవుతాయి, మాట్లాడేవారి సంఖ్యా పెరుగుతుంది. మూడు సెకన్ల మౌనం... చెప్పినంత తేలిక కాదు, ప్రయత్నించి చూడండి!

వెళ్లేముందు...

* పది నిమిషాల పాఠం ఒకటి సిద్ధం చేసుకోండి. మీ సబ్జెక్టు తెలియని తమ్ముడికో చెల్లికో ఇంగ్లిషులో చెప్పండి. చాలా యూనివర్సిటీలు సెమిస్టరుకి ముందు విదేశీ టీఏల చేత ఇలాంటి చిన్న పాఠమే చెప్పించి చూస్తాయి.

* ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. వేగం ఎక్కడ పెరుగుతోందో మీకే తెలుస్తుంది.

* తేదీని అంకెల్లో కాకుండా నెల పేరుతో రాయండి. ‘జీ’, ‘టైమ్స్‌’, ‘క్వశ్చన్‌’... ఈ మూడు మాటలు ముందే నాలుకకు అలవాటు చేయండి.

* తెలియని ప్రశ్న వస్తే దబాయించొద్దు. ‘రేపు చూసి చెబుతాను’ అనండి. అక్కడ అది చిన్నతనం కాదు. కానీ రేపు తప్పక చెప్పాలి.

* మొదటి పేపరు దిద్దేముందు ప్రొఫెసర్ని అడిగి, పాత పేపర్లు చూడండి. మన కొలతతో కొలవొద్దు.

* సెమిస్టరు చివరిదాకా ఆగకుండా నాలుగో వారంలోనే చిన్న కాగితాలు పంచి ‘ఏం మార్చుకోమంటారు’ అని పేర్లు లేకుండా రాయించుకోండి. అప్పుడు తెలిసిన లోపం దిద్దుకోవచ్చు. చివర్లో తెలిస్తే బాధపడటమే మిగులుతుంది.

అమ్మానాన్నలకూ ఓ మాట. మొదటి సెమిస్టరులో ఏదో ఒక రాత్రి అబ్బాయో అమ్మాయో ఫోన్‌చేసి ‘వీళ్లకు గౌరవమే లేదమ్మా, పేరు పెట్టి పిలుస్తున్నారు’ అని వాపోవచ్చు. ‘పోనీలే, ఎలాగోలా సర్దుకో’ అనకండి. ‘నీ పేరు సరిగ్గా పలుకుతున్నారా?’ అని అడగండి. నోరు తిరగని మన పొడుగాటి పేరును కష్టపడి నేర్చుకుని, తప్పు లేకుండా పిలిచి, ప్రశ్న అడగడానికి గది దాకా వచ్చాడంటే... ఆ కుర్రాడు లేచి నిలబడి నమస్కారం పెట్టినట్టే!